పొజిషన్ పెట్టు

పోయిన ఆదివారం సాయంత్రం గరియాహాట్ ఫ్లైఓవర్ కింద ఒక బంటు గురించి ముప్పావుగంట గొడవైంది.

ఆడింది ఐదు నిమిషాల ఆట. గడియారంలో టైము అయిపోయి నా ఎదుటి ఆటగాడు, నేను దాదా అని పిలిచే ఆయన, ఓడిపోయారు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. లేస్తూ లేస్తూ ఆయన, "టైము లేక ఓడాను గానీ ఆట నాదే" అన్నారు. ఓడినవాళ్లందరూ అనే మాటే. గెలిచినవాడు నవ్వి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. "ఇంకొక్క ఎత్తు ఆగితే ఏనుగును ఈ-8కి దించేవాణ్ని. ఆటకట్టు" అన్నాను.

"ఎలా కడతావయ్యా? హెచ్ బంటును ఎప్పుడో ఒక గడి ముందుకు నెట్టాను. రాజు ఆ సందులోంచి బయటికొచ్చేస్తాడు."

"నెట్టలేదు దాదా. హెచ్-7లోనే ఉంది."

"హెచ్-6."

"హెచ్-7."

పక్క బల్లల మీద ఆటలు ఆగిపోయాయి. చీరల దుకాణంలో పనిచేసే కుర్రాడు మట్టి కప్పులో టీతో అక్కడే నిలబడిపోయాడు. అప్పుడు వెనకనుంచి ఎవరో ఈ చోట అందరూ అనే మాటే అన్నారు. "పొజిషన్ పెట్టండి."

నేను కలకత్తా వచ్చి 20 ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఈ ఊరు నాకు నేర్పినవాటిలో ఉద్యోగానికి పనికొచ్చేవి తక్కువే. బెంగాలీ కూడా అంతంతమాత్రం. మా ఆవిడ చేపల బేరంలో మాట్లాడే బెంగాలీ నాకంటే నయం. కానీ ఆదివారాలు ఈ ఫ్లైఓవర్ కింద కూర్చుని ఆట అయ్యాక వాదించడం ఒకటి నేర్చుకున్నాను. దాన్ని విద్య అనొచ్చో లేదో తెలియదు. ఎలో రేటింగు లాంటిది దానికెవరూ ఇవ్వరు.

కలకత్తా వాదనల గురించి రాయాలంటే కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్ దగ్గర మొదలుపెట్టాలని ఒక ఆచారం ఉంది. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. పైగా కాఫీ హౌస్ బల్ల మీద ఎవరి మాట నిజమో తేల్చే వస్తువేదీ ఉండదు, కప్పులూ సాసర్లూ తప్ప. ఇక్కడ 64 గళ్లున్నాయి. వీళ్లు ఈ చోటును అడ్డా అనరు, అడ్డా కొడుతున్నాం అంటారు. మన దగ్గర అడ్డా అంటే తాపీ పనివాళ్లు పొద్దున్నే కూలి కోసం నిలబడే కూడలి. బెంగాల్లో అడ్డా అంటే మాటే. పనీపాటా లేకుండా, గమ్యం లేకుండా సాగే మాట.

మొదట్లో ఈ మాటలన్నీ నన్ను తికమక పెట్టాయి. పరిచయమైన మొదటివారంలో ఆఫీసు గుమాస్తా ఒకాయన, "ఆదివారం రండి, దాబా ఉంది" అంటే రొట్టె, తడ్కా దొరుకుతాయనుకుని ఖాళీ కడుపుతో వెళ్లాను. దాబా అంటే చదరంగం. వాళ్లు వాదించేటప్పుడు 'నా, నా' అంటూంటారు. కాదు, కాదు అని. నా చెవికి మాత్రం చాలాకాలం అది 'నాది, నాది' అనే వినిపించింది. ఇప్పటికీ ఒక్కోసారి అలాగే వినిపిస్తుంది, పెద్ద తేడా కూడా రాదు.

అసలు దెబ్బ గజ్ దగ్గర తగిలింది. మన చదరంగంలో మూలన నిలబడేది ఏనుగు. మా శ్రీకాకుళం వైపు అయినా, హైదరాబాదులో అయినా ఏనుగంటే నిలువుగా, అడ్డంగా నడిచేదే. ఐమూలగా వెళ్లేదాన్ని పుస్తకాల్లో శకటు అంటారు, మా వీధిలో ఒంటె అనేవాళ్లం. బెంగాలీలో ఐమూలగా వెళ్లేదే గజ్. నేను వెళ్లిన రెండో ఆదివారమో మూడో ఆదివారమో, చేతిలో గెలిచే ఆట ఉండి కూడా ఎత్తు కనిపించక బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, వెనకనున్న ఒక పెద్దమనిషి జాలిపడి "గజ్! గజ్!" అన్నాడు. చూసేవాడు చెప్పకూడదు, చెప్పినా ఆడేవాడు వినకూడదు. నేను విన్నాను. గజమంటే ఏనుగే కదా అని మూలనున్న ఏనుగు మీద చెయ్యి వేశాను. ముట్టుకున్నది కదపాలి, అది ఇక్కడ కొండమీది శాసనం. ఏనుగును కదిపాను. రెండెత్తుల్లో ఆటకట్టు, నాకే. పెద్దమనిషి తల కొట్టుకున్నాడు. "మద్రాసీకి దాబా రాదు" అని పక్కనాయనతో అన్నాడు. నాకు దాబా రాకపోవచ్చు, మద్రాసు కూడా రాదు. ఆ రెండో ముక్క మీద ఆ రోజు వాదించడానికి భాష చాల్లేదు.

సరే మరి, మూలనున్నదాన్ని వీళ్లేమంటారు? నౌక. పడవ. యుద్ధభూమిలో, నాలుగు మూలలా పడవలు! నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, ఈ పడవ మీద ఈ ఊళ్లోనే రెండు వందల ఏళ్లకు ముందే ఒక పెద్ద చర్చ జరిగిందని. 1784లో ఇక్కడ ఏషియాటిక్ సొసైటీ పెట్టిన విలియం జోన్స్, 1790లో భారతీయ చదరంగం మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. రాధాకాంత్ అనే పండితుడు చెప్పగా విని, నలుగురు కూర్చుని పాచికలు వేసి ఆడే పాత చదరంగాన్ని అందులో వర్ణించాడు. అందులో రథం ఉండాల్సిన చోట పడవ ఉంది. ఇదెలా వచ్చిందని జోన్స్ తర్జనభర్జన పడ్డాడు. రథాన్ని బెంగాలీలు రొథ్ అంటారనీ, పర్షియన్లు దాన్ని రుఖ్ చేశారనీ, ఇంగ్లీషు రూక్ అక్కణ్నుంచే పుట్టిందనీ ఆయన వాదం. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. దాదాకైతే ఇందులో చర్చే లేదు. "బెంగాల్ బురదలో రథం కూరుకుపోతుంది. వానాకాలంలో వచ్చి చూడమను మీ జోన్స్‌ని" అన్నారు. జోన్స్ 1794 నుంచీ పార్క్ స్ట్రీట్ శ్మశానంలోనే ఉన్నాడు, గరియాహాట్ నుంచి పెద్ద దూరమేమీ కాదు. రాగలిగితే వచ్చేవాడే.

రథం ఏనుగైందో పడవైందో గానీ, మా తాత ఆడిన చదరంగం ఈ రెండింటికీ కాస్త ఎడంగా ఉండేది. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బీఎన్‌ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి అక్కడ పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మా తాత మాత్రం రిటైరయ్యాక ఊరికొచ్చేశాడు. అరుగు మీద బొగ్గుతో గళ్లు గీసి ఆడేవాడు. ఆయన ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజుకు కోట కట్టుకోవడం లేదు. చెక్ తగలనంతవరకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. నేను స్కూల్లో కొత్త రూల్స్ నేర్చుకుని వచ్చి మొదటి ఎత్తుకే బంటును రెండు గళ్లు జరిపితే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అంత తొందరేంట్రా? నీ వెనక ఎవడైనా తరుముతున్నాడా?" అన్నాడు. రూల్ మారింది తాతా అంటే, ఎవడు మార్చాడు, నన్నడిగాడా అన్నాడు. ఆ వేసవి మొత్తం ఇదే గోల. చివరికి ఒక ఆట ఆయన రూల్, ఒక ఆట నా రూల్ అని రాజీపడ్డాం. రెంటిలోనూ ఆయనే గెలిచేవాడు.

తాతను తలుచుకున్నప్పుడల్లా మహేశ్‌చంద్ర బెనర్జీ గుర్తొస్తాడు. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండు బారిస్టరు ఉండేవాడు, ఆ కాలానికి గట్టి ఆటగాడు. ఆయన ఎదుట కూర్చుని వందలాది ఆటలు ఆడిన పల్లెటూరి బ్రాహ్మడే మహేశ్‌చంద్ర. దేశీ రూల్స్‌తో పెరిగినవాడు. బంట్లను ఒక్కొక్క గడే నడిపి, శకటును మూల పక్క గడికి తెచ్చి, మధ్యలో గళ్లు ఎదుటివాడికి వదిలేసి తర్వాత వాటిమీద పడటం ఆయన పద్ధతి. యూరపువాళ్లకు అది వింత. ఒంటిగడి బంట్ల అలవాటే అందుకు కారణం అంటారు. 1855లో ఆయన కాక్రేన్ మీద ఆడిన ఒక డిఫెన్సును, 1922లో ఎర్నస్ట్ గ్రూన్‌ఫెల్డ్ అనే వియన్నా ఆటగాడు పెద్ద టోర్నమెంట్లలోకి తెచ్చాడు. ఇవాళ దానికి గ్రూన్‌ఫెల్డ్ పేరే. ఈ సంగతి గరియాహాట్‌లో కొత్తవాడెవడైనా కదిపితే అరగంట పోయినట్టే. బెనర్జీ డిఫెన్స్ అనాలని ఒకరు, ఇండియన్ డిఫెన్సులన్నిటికీ దేశం పేరు ఉందిగా చాలదా అని ఇంకొకరు, బెనర్జీ ఎక్కువ ఆటలు ఓడాడుగా అని మూడోవారు. ఓడాడు, నిజమే. కాక్రేనే ఎక్కువ గెలిచాడు. ఆ ఎత్తులన్నీ రాసిపెట్టి ఇంగ్లండు పత్రికలకు చేరవేసింది ఆ పక్షంవాళ్లే కాబట్టి ఇవాళ మనకు ఆటలు మిగిలాయి. ఓడిన రోజున మహేశ్‌చంద్ర లేస్తూ ఏమన్నాడన్నది మాత్రం ఎత్తుల పట్టీలో ఉండదు. "టైము లేక ఓడాను" అనడానికి అప్పట్లో ఆ గడియారాలు కూడా లేవు, పాపం.

ఇప్పుడు మళ్లీ బంటు దగ్గరికి వద్దాం. పొజిషన్ పెట్టడం అంటే ఏమిటో, ఆడనివాళ్లకు చెప్పాలి. ఆట అయిపోయాక వాదన వస్తే, నోటితో వాదించడానికి వీల్లేదు. బల్ల ఖాళీ చేసి, తగాదా వచ్చిన ఘట్టంలో ఏ పావు ఎక్కడుందో గుర్తుచేసుకుని పేర్చాలి. మీ పావులే కాదు, ఎదుటివాడివి కూడా. పేర్చింది ఇద్దరూ ఒప్పుకున్నాకే మాట మొదలవ్వాలి. ఐదు నిమిషాల ఆటలో ఎత్తులు ఎవరూ రాయరు, అంతా జ్ఞాపకమే. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, తగాదాల్లో సగం ఇక్కడే చచ్చిపోతాయి. వాదన మొదలైనప్పుడు ఇద్దరూ ఒకే ఆట గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. పేర్చబోతే తెలుస్తుంది, ఇద్దరూ ఆడింది రెండు వేర్వేరు ఆటలని. ఒకరి బుర్రలో గుర్రం ఇంకా బతికే ఉంటుంది, రెండోవారి బుర్రలో అది పది ఎత్తుల కిందటే డబ్బాలోకి పోయింది.

గమనించిందొకటి చెప్తాను. ఎవరి పావులు వారికి బాగా గుర్తుంటాయి, అదీ మంచి గళ్లలో. ఎదుటివాడి పావులు కాస్త వెనక గళ్లలో గుర్తుంటాయి. అబద్ధం కాదది. నేనూ అంతే.

అందరికీ ఈ ఓపిక ఉండదు. ఇక్కడికొచ్చే కుర్రాళ్లు ఫోన్ తీస్తారు. ఎత్తులు టకటకా కొడితే ఇంజన్ ఒక అంకె చెబుతుంది, నలుపు ఒకటిన్నర మేలు అని. అయిపోయింది, వాదనకు నీళ్లొదులుకోవడమే. పెద్దవాళ్లు దానికి ఒక చట్టం చేశారు, వాదన నడుస్తున్నంతసేపు ఫోన్లు జేబులో. కుర్రాళ్లు గొణుగుతారు. వాళ్ల వైపూ న్యాయం ఉంది. ఇద్దరు 70 ఏళ్లవాళ్లు ఒక గడి గురించి కొట్టుకుంటూంటే, జవాబు జేబులో పెట్టుకుని నిలబడటం కష్టమే. 2020లో లాక్‌డౌన్ వచ్చి బల్లలు ఖాళీ అయినప్పుడు మేమంతా ఫోన్లలోనే ఆడాం. ముక్కూమొహం తెలియని ఏ ఊరివాడో ఓడిపోగానే మాట లేకుండా మాయమైపోయేవాడు. గెలిస్తే ఒక బూతు రాసి మాయమయ్యేవాడు. ఆ రెంటికంటే దాదా "ఆట నాదే" అనడమే నాకు సుఖంగా ఉండేది. ఆయన రాత్రి ఫోన్ చేసి మరీ అనేవారు.

రోజూ ఉండే చిన్నచిన్న చిరాకులు చెప్పుకుంటూ పోతే పత్రిక చాలదు. తెల్ల గుర్రం ఒకటి పోయి రెండేళ్లయింది, దాని బదులు మందుసీసా మూత. కొత్తగా వచ్చినవాడు మూతను బంటనుకుని దాని ఎదుట ధీమాగా మంత్రిని పెడతాడు. గడియారం మీట నొక్కమంటే గుద్దేవాడొకడు. ఆలోచిస్తూ రవీంద్ర సంగీతం కూనిరాగం తీసే ఆయన ఒకరు. గెలుస్తుంటే రాగం హెచ్చుతుంది, అది చూసే మేం ఆట ఎటుందో పోల్చుకుంటాం. తప్పు ఎత్తు, అంటే రూల్ ఒప్పుకోని ఎత్తు, వేస్తే ఏం చెయ్యాలన్నది ఇంకా తేలని కేసు. మెరుపు ఆటల్లో తప్పు ఎత్తు వేస్తే వెంటనే ఓటమి అని ఒకప్పటి రూల్. 2018 నుంచి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే దాన్ని సడలించింది. మొదటిసారికి ఎదుటివాడికి ఒక నిమిషం కలుపుతారు, రెండోసారికే ఓటమి. సగం మంది పాత రూల్, సగం మంది కొత్త రూల్. ఎవరు ఏ వైపో ఆ రోజు తప్పు ఎవరు చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎవడు మార్చాడు, నన్నడిగాడా అని ఒకాయన అంటే ఉలిక్కిపడ్డాను. అచ్చం మా తాత గొంతు, కాకపోతే బెంగాలీలో.

చదరంగం ఆడేవాణ్ని ఈ ఊరు గౌరవిస్తుందనుకోవద్దు. 'తాష్, దాబా, పాషా - తిన్ సర్బొనాషా' అని వీళ్ల సామెత. పేకాట, చదరంగం, పాచికలు మూడూ కొంపలు ముంచేవే అని. దాదా భార్య దాన్ని నాకు మూడుసార్లు వినిపించారు, మిఠాయి పెడుతూనే. కానీ అదే ఊళ్లో, 1982లో 16 ఏళ్లైనా నిండని దిబ్యేందు బరువా లండన్‌లో ప్రపంచ మేటి ఆటగాడు కోర్చ్‌నాయ్‌ను ఓడించాడని ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెప్పుకుంటారు. ఆయన 1991లో ఆనంద్ తర్వాత దేశానికి రెండో గ్రాండ్‌మాస్టరయ్యాడు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ జంటల పోటీలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం గెలిచారు, ఒకరికి 60 ఏళ్లు, ఇంకొకరికి 56. పేకాట ఆటేనా, దానికి పతకమేంటి అని ఆ వారమంతా మా బల్లల దగ్గర రచ్చ. కదలకుండా కూర్చుని ఆడేది క్రీడ ఎలా అవుతుందని అందరికంటే గట్టిగా అడిగినవాళ్లు, కదలకుండా కూర్చుని చదరంగం ఆడుతున్నవాళ్లే. నేను మధ్యలో కల్పించుకుని, మా గుడివాడలో పుట్టిన హంపి 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరైంది, ఆమెది క్రీడ కాదా అన్నాను. అంతవరకు నేను మద్రాసీని. ఆ రోజు నుంచి 'హంపి దేశం మనిషి'ని. గుడివాడకూ మా ఊరికీ 400 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుందని నేను చెప్పలేదు. అలాంటి పొజిషన్ పెట్టకపోవడమే మంచిది.

ఆదివారం మేం పేర్చడం మొదలుపెట్టాం. రాజులు, ఏనుగులు, నా మంత్రి, బంట్లు. అంతవరకు ఒప్పందం కుదిరింది. హెచ్ బంటు దగ్గర ఆగిపోయాం, దాదా గజ్ ఇంకా పెట్టనే లేదు. ఆయన హెచ్-6లో పెడతారు, నేను వెనక్కి లాగుతాను. టీ కుర్రాణ్ని సాక్ష్యం అడిగాం. వాడు నా కప్పు చూశాడు, దాదా కప్పు చూశాడు, "గమనించలేదు" అన్నాడు. తెలివైనవాడు. అంతలో పెద్ద వాన. ఫ్లైఓవర్ కింద ఉన్నాం కాబట్టి తడవం, కానీ జల్లు పక్కనుంచి కొట్టి బోర్డు మీదికొస్తుంది. హాకర్లు ప్లాస్టిక్ పట్టాలు దించుకున్నారు. పావులు డబ్బాలో వేశాం, మూతతో సహా. దాదా గొడుగు విప్పుతూ కూడా "ఆరు" అన్నారు.

రాత్రి పదిన్నరకు ఫోను.

"రావ్‌బాబూ, పడుకున్నావా?"

"లేదు దాదా."

"హెచ్-7లోనే ఉంది. నువ్వన్నదే నిజం. అన్నం తింటుంటే గుర్తొచ్చింది."

ఏమనాలో తోచలేదు. ఇరవై ఏళ్లలో ఇలాంటి ఫోను ఇదే మొదలు. పర్వాలేదు దాదా అన్నాను.

"అయినా నీకు ఆటకట్టు లేదు. నా గజ్ సీ-6లో ఉంది. ఈ-8ని కాస్తోంది. నీ ఏనుగు, అదే మా నౌక, దిగగానే తినేసేవాణ్ని. గజ్ అంటే ఏదో గుర్తుందిగా?"

గుర్తుంది. ఇంకొకటీ గుర్తుంది. ఆయన దగ్గర మిగిలింది నల్లగళ్ల మీద తిరిగే గజ్. సీ-6 తెల్లగడి. తెల్లగళ్ల గజ్ పన్నెండో ఎత్తులోనో పదమూడో ఎత్తులోనో నా గుర్రానికి పోయింది.

అదే చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఏదో సొరుగు లాగిన చప్పుడు, చెక్క పావులు బల్ల మీద దొర్లిన చప్పుడు.

"ఫోన్ పెట్టెయ్యకు" అన్నారు దాదా. "నువ్వూ బోర్డు తెచ్చుకో."

మా ఆవిడ లైటు ఆర్పబోతూ నా వైపు చూసింది. నేను మంచం కింద బోర్డు కోసం వెతుకుతున్నాను.